సంతకం పెట్టే మనిషి

పోయిన వారం మనం దివాకర్‌ను ఒక ప్రశ్న ముందు కూర్చోబెట్టి వచ్చాం. అతను ఇంకా అక్కడే ఉన్నాడు.

దివాకర్ భార్య యమున డెంగీ జ్వరంతో పోయింది కిందటి వానకాలంలో. అప్పటి నుంచి ఇబ్రహీంపట్నంలో కమలమ్మ ఇంటి మీది గదిలో అతను, నాలుగేళ్ల కూతురు లిఖిత ఇద్దరే ఉంటున్నారు. పగలు పిల్ల కింద కమలమ్మ దగ్గర ఆడుకుంటుంది. అతను సాగర్ రోడ్డు మీది షాపులో, కాలిపోయిన బోరు మోటార్లకు రాగితీగ చుడతాడు. ఆ షాపుకే వచ్చి స్టూలు లాక్కొని కూర్చున్నాడు కిరణ్ కుమార్. ఐటీఐలో ఇద్దరిదీ ఒకే బెంచీ. ఇప్పుడు కిరణ్ ఇన్సూరెన్స్ ఏజెంటు.

పాలసీ ఎంచుకోవడం దగ్గర పేచీ ఏమీ రాలేదు. కిరణ్ మొదట మనీబ్యాక్ గురించి చెప్పాడు. మధ్య మధ్య కొంత చేతికొస్తుంది, పిల్ల చదువుకు అక్కరకొస్తుంది, చివర్లో బోనస్ కూడా కలుస్తుంది అన్నాడు. దివాకర్ తీగ చుట్టడం ఆపకుండానే విన్నాడు.

"నేను బత్కుంటె ఫీజు నేనే కడ్త. నేను లేకుంటె పిల్లకేమొస్తది, గది చెప్పు."

"గట్లయితె టర్మ్ పాలసీ తీస్కో. కట్టింది మల్ల తిరిగి రాదు. నువ్వు మంచిగుంటె కంపెనీ నీకేం ఇయ్యది. నీకేమన్న అయితెనే పిల్లకు పెద్ద మొత్తం వస్తది. నాకు కమిషన్ తక్కువ, గని నీ అసొంటోనికి గిదే కరెక్టు."

"గదే రాయి."

సిగరెట్ తాగుతావా, మందు తాగుతావా, షుగరుందా, అమ్మానాన్న ఏ జబ్బుతో పోయారు అని కిరణ్ ఒక్కొక్కటే అడిగి ఫోనులో కొట్టుకున్నాడు. దివాకర్ కూడా కొన్ని అడిగాడు. యాక్సిడెంట్ అయితే వస్తుందా, కరెంటు షాకు కొడితే వస్తుందా, జ్వరంతో పోతే వస్తుందా, మనిషి తనంతట తానే పోతే వస్తుందా. అన్నీ ఒకే గొంతుతో, తీగ కొసను పళ్లతో పట్టుకొని అడిగాడు. ఆఖరిదానికి మొదటి సంవత్సరంలో అయితే రాదని కిరణ్ చెప్పాడు. దివాకర్ తలూపాడు. అప్పుడు వచ్చింది ఆ ప్రశ్న.

"నామినీ లిఖిత. మంచిది. గని పిల్ల మైనర్ గద. పెద్దగయ్యేదాంక ఆ పైసలు తీస్కొని చూస్కునేటందుకు ఒక మనిషి గావాలె. అపాయింటీ అంటరు. వాళ్ల సంతకం గూడ గావాలె. ఎవల్ని రాయాలె?"

దివాకర్ చేతిలో తీగ ఆగింది.

అమ్మా నాన్నా లేరు. తోడబుట్టినవాళ్లు లేరు. షాపు యజమాని బుగ్గయ్య చెడ్డవాడేమీ కాదు, కాని లిఖిత పేరు ఆయనకు ఇప్పటికీ తెలియదు, పాప అనే పిలుస్తాడు. కమలమ్మ పిల్లను బాగానే చూస్తుంది, కాని ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్లిపోతానని ఈ మధ్య రోజూ అంటోంది. దివాకర్ ఫోను తీసి పేర్లు పైకీ కిందికీ జరిపాడు. వార్నిష్ షాపు. గ్యాస్ సిలిండర్. బోరు రైతు యాచారం. బోరు రైతు మంచాల. ట్రాలీ ఆటో. తను ఉన్నట్టుండి కనిపించకపోతే మోటారు అయిందా అని అడిగేవాళ్లు ఆ ఫోను నిండా ఉన్నారు. పిల్ల అన్నం తిన్నదా అని అడిగే పేరు మాత్రం ఒక్కటీ తగల్లేదు.

మిగిలింది కోహెడ. అత్తామామలు.

యమునను కాటికి తీసుకుపోయిన రోజు, కోహెడ ఇంటి వాకిట్లో అంతమంది ముందు అత్త నీలమ్మ ఒక మాట అన్నది. రెండ్రోజులు ముందుగాల దవాఖానకు తీస్కపోతె నా బిడ్డ బత్కేది అని. ఆమె ఎవరి ముఖమూ చూసి అనలేదు. కాని దివాకర్‌కు అది తన మీదనే వచ్చి పడింది. దినాలు అయిపోయాక మళ్లీ ఆ గడప తొక్కలేదు. నీలమ్మ ఫోను చేస్తే పిల్లకు ఇచ్చేసి తను పక్కకు వెళ్లిపోతాడు.

"ఆదివారం చెప్త" అన్నాడు కిరణ్‌తో.

కిరణ్ కాసేపు అతని ముఖం చూశాడు. ఫోను జేబులో పెట్టుకొని బండి స్టార్ట్ చేశాడు.

* * *

ఆదివారం మధ్యాహ్నం కోహెడకు పోదామని దివాకర్ పిల్లకు గౌను తొడుగుతున్నాడు. తొడుగుతున్నాడన్న మాటే గాని మనసంతా మాటలు వెతుక్కోవడంలోనే ఉంది. ఏమని మొదలుపెట్టాలి? ఇన్ని నెలలు ముఖం చూపించనివాడు గుమ్మంలో నిలబడి, నేను చచ్చిపోతే మీరు సంతకం పెట్టాలి అని ఎట్లా అంటాడు? ముందు మామిడికాయల ధర అడగాలా? అత్తమ్మ మోకాళ్ల నొప్పి సంగతి అడగాలా?

"డాడీ, గుండీలు ముందటికొచ్చినయ్" అంది లిఖిత.

గౌను వెనకది ముందుకు తొడిగాడు. విప్పి సరిచేస్తుంటే మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. కమలమ్మ అడుగులు కావు. తలుపు దగ్గరికి వచ్చిన మనిషిని చూసి, పిల్లకు గబగబా గౌను తొడిగి లేచాడు.

మామ శంకరయ్య. ఆయన వెనుక నీలమ్మ.

మామిడి కాపు మీదున్న రోజుల్లో శంకరయ్య తోట విడిచి కదిలే మనిషి కాడు. గుత్తకు పట్టిన తోటలోనే వంట, అక్కడే మంచం. ఆ రోజుల్లో దగ్గరివాళ్ల పెళ్లిళ్లకు కూడా నీలమ్మ ఒక్కతే పోతుంది. అట్లాంటి మనిషి ఎండలో రెండు బస్సులు మారి వచ్చాడు. మనుమరాలి కోసం ఒక్క పండు కూడా తేలేదు.

"రాండ్రి మామా. కూసోండ్రి."

శంకరయ్య కూర్చోలేదు. నీలమ్మ మాత్రం పిల్లను ఎత్తుకొని గదంతా ఒకసారి కలయజూసింది. గోడ మేకుకు యమున హ్యాండుబ్యాగు ఇంకా వేలాడుతోంది. పొయ్యి గట్టు తుడిచి ఆరిపోయి ఉంది. గిన్నె మూత తీసి చూసింది. పొద్దుటి అన్నం.

"కూర ఏం వండినవ్ బిడ్డ?"

"కర్రీ పాయింట్ల తెస్త అత్తమ్మా. పిల్లకు పప్పు తెస్త, కారం లేకుంట."

నీలమ్మ మూత పెట్టేసింది. ఆమె ముఖంలో కోపం కనిపిస్తుందేమోనని దివాకర్ చూశాడు. కోపం లేదు. దానికి బదులు ఏముందో అతనికి తెలియలేదు.

"పాలసీ తీస్తున్నవంట" అన్నాడు శంకరయ్య.

ఆయనకెట్లా తెలిసిందని కూడా అప్పుడు దివాకర్‌కు తట్టలేదు. మాట వాళ్లే ఎత్తారు, అదే చాలనిపించింది.

"అవ్ మామా. గా ముచ్చట మీదనే ఇప్పుడు మీ ఇంటికి బయలెల్లుతున్నం." నీలమ్మ వైపు తిరిగాడు. "అత్తమ్మా, నీ సంతకం ఒకటి గావాలె. నాకేమన్న అయితె పిల్ల పెద్దగయ్యేదాంక ఆ పైసలు నువ్వు చూడాలె. పైసలంటె పైసలు గాదు. పిల్లను. నాకు అడిగేటందుకు ఇంకెవలు లేరు."

అనుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. వచ్చినవి ఇవే. అడిగేశాక ఒళ్లు తేలికవుతుందనుకున్నాడు, కాలేదు.

నీలమ్మ అవుననలేదు, కాదనలేదు. పిల్ల తలను భుజానికి ఆనించుకొని నిలబడింది.

"పిల్లను జర కిందికి తీస్కపో" అన్నాడు శంకరయ్య.

ఆమె మెట్లు దిగిన చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఆయన మాట్లాడలేదు. తర్వాత తలుపు దగ్గరగా వేశాడు.

"ఎందుకు తీస్తున్నవ్?"

"ఎందుకేంది మామా? పిల్ల కోసం. మనిషి ఎప్పుడు పోతడో తెల్వదని యమున పోయినంక సమజైంది."

"గది నాకు తెల్సు. కిరణ్ అనేటాయన నాకు ఫోన్ చేసిండు."

"కిరణా?"

"నువ్వొక మాట అడిగినవంట. మనిషి తనంతట తానే పోతె పైసలొస్తయా అని."

దివాకర్ నవ్వబోయాడు. "అన్ని అడిగిన మామా. కరెంటు షాకు సంగతి గూడ అడిగిన."

"షాకు సంగతి ఆయన నాకు చెప్పలే. గీ మాట చెప్పిండు. అడిగినప్పుడు ఏమనిపియ్యలేదంట, ఇంటికి పోయినంక అన్నం తినవుద్ది కాలేదంట. నా నంబర్ ఏడ దొరకవట్టిండో, ఎవల్ని అడిగిండో." శంకరయ్య గొంతు పెంచలేదు. "నాకు నిజం చెప్పు. లేదంటె లేదని చెప్పు, నమ్మి పోత. తోటల కూలోళ్లు ఉన్నరు."

లేదు అనడం ఎంతసేపు? దివాకర్ అనడానికే నోరు తెరిచాడు.

కాని తన లోపల వెతుక్కుంటే ఆ మాట దొరకలేదు. అతను ఏదీ అనుకోలేదు, ఏదీ తలపెట్టలేదు. అది నిజమే. కాని షాపు మూసి వచ్చి ఈ మెట్ల కింద నిలబడ్డప్పుడు, ఒక్కోరోజు పైకెక్కడానికి కాళ్లు లేచేవి కావు. ఎక్కకపోతే ఏమవుతుంది అనిపించేది. అంతలో కమలమ్మ ఇంట్లో నుంచి లిఖిత చూసి డాడీ అని పరుగెత్తుకొచ్చేది, అతను ఎక్కేవాడు. ఆ పిలుపుకూ ఆ నిలబడటానికీ మధ్య ఏముందో అతను ఎన్నడూ తడిమి చూసుకోలేదు. కిరణ్‌ను ఆ మాట ఎందుకు అడిగాడో కూడా అంతే.

"తెల్వది మామా" అన్నాడు చివరికి.

శంకరయ్య మంచం పట్టె మీద కూలబడ్డట్టు కూర్చున్నాడు. అవునని విన్నా అంత భయపడేవాడు కాదేమో.

కింద కమలమ్మ టీవీ మోగుతోంది.

"పిల్లను కోహెడ తీస్కపోత" అన్నాడు శంకరయ్య.

"వద్దు మామా."

"నువ్వే అంటివి గద ఎవలు లేరని. నువ్వు పోయినంక మేమే చూస్కోవాలె అంటివి. గంతదాంక ఆగుడెందుకు? ఇప్పుడే చూస్కుంటం."

"నేనింక బత్కే ఉన్న గద మామా."

ఆ మాట అతని నోటి నుంచి అరుపులా రాలేదు. తప్పు లెక్క సరిచేస్తున్నట్టు వచ్చింది. శంకరయ్య తల తిప్పుకున్నాడు.

"బత్కున్నోడు బత్కున్నోని లెక్క ఉండాలె" అన్నాడు. "మా ఇంటికి రాకపోతివి. బతుకమ్మకు పిల్లనన్న తోలుతవేమో అనుకుంటె తోలకపోతివి. ఫోన్ చేస్తె పిల్ల చేతికిచ్చి పక్కకు పోతవ్. ఇయ్యాల సంతకం అవసరం పడ్డది, అత్తమ్మ యాదికొచ్చింది."

"ఎట్ల రావాలె?" అన్నాడు దివాకర్. "రెండ్రోజులు ముందుగాల తీస్కపోతె నా బిడ్డ బత్కేది అని అత్తమ్మ అన్నది. అందరు ఇన్నరు. మోటార్ టెస్టింగ్ వెట్టి గా చప్పుడుల నిలవడ్డా నాకు గదే ఇనవడ్తది. గా మాట అన్న ఇంటికి ఆమె మనుమరాలిని ఎత్తుకొని నేనెట్ల రావాలె మామా?"

"దుఃఖంల అన్నది."

"దుఃఖంల అన్నదే నిజమైతది."

ఆ రెండు రోజులూ దివాకర్ మామూలు జ్వరమే అనుకున్నాడు. గోలీలు తెచ్చి ఇచ్చాడు, తడిగుడ్డ వేశాడు, పనికి పోయాడు. యమున కూడా పొమ్మనే చెప్పింది.

కాసేపటికి శంకరయ్య లేచి తువ్వాల భుజాన వేసుకున్నాడు.

"చాయ్ తాగొద్దాం రా."

* * *

ఆదివారం సాయంత్రం ఇబ్రహీంపట్నం బస్టాండు ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలతో నిండిపోతుంది. ఊళ్ల నుంచి హాస్టళ్లకు తిరిగొచ్చేవాళ్లు, భుజాన బ్యాగులు, చేతుల్లో అమ్మలు కట్టిచ్చిన డబ్బాలు. వాళ్ల మధ్య ఖాళీగా ఉన్న ఒక సిమెంటు బెంచీ మీద మామా అల్లుళ్లు కూర్చున్నారు. దివాకర్ చాయ్ కప్పు ఒకటి శంకరయ్య చేతికిచ్చాడు. ఆయన తాగలేదు. దిల్‌సుఖ్‌నగర్ బస్సు వచ్చి జనాన్ని దింపి, ఎక్కించుకొని పోయేదాకా దాన్నే చూస్తూ ఉన్నాడు.

"యమున దినాలైనంక నేను తోటకు పోయిన" అన్నాడు. "కాపు లేని రోజులు. ఆడ పనేం లేదు. కావలి ఉండేటోన్ని ఊరికి పొమ్మన్న. ఒక్కన్నే ఉన్న."

దివాకర్ తల ఎత్తాడు.

"ఇంక ఇంటికి మల్లి రావద్దనుకున్న. సమజైందా నేననేది?"

"మామా..."

"నువ్వు తెల్వదంటివి. నాకు తెల్సు. నేను అనుకునే పోయిన." ఆయన గొంతు పంట ధర చెబుతున్నంత నెమ్మదిగా ఉంది. "పెద్దోన్ని నేనుంటి, ముప్పై ఏండ్లు నిండని పిల్ల పాయె. నేనెందుకున్న అనిపిచ్చింది. అప్పుడు నాకు నీ అత్త యాదికి రాలె, మనుమరాలు యాదికి రాలె, ఎవలు యాదికి రాలె. గట్లుంటది అది. చుట్టు ఎందరున్నా ఒక్కడు కనవడడు."

"మల్ల ఎట్లొచ్చినవ్?"

"తెల్లారంగ పక్క తోట మల్లేశయ్య కంచె కాడ నిలవడి పిలిచిండు. పెద్దయ్యా, మా మోటార్ నడుస్తలేదు, జర వచ్చి చూడుండ్రి అన్నడు. మోటార్ల సంగతి నాకేమెరుక? గని పిలిచిండు గద అని లేచి పోయిన. ఆడ చాయ్ వోసిండు, తాగిన. వాని ముచ్చట్లు ఇన్న. పొద్దెక్కింది. ఇంటికి పోయిన. గంతే."

చాయ్ మీద మీగడ కట్టింది. శంకరయ్య దాన్ని వేలితో పక్కకు తీశాడు.

"ఒకడు పిలిచిండు, నేను పోయిన. పిలవకుంటె ఏమయ్యేదో నాకు తెల్వదు. గందుకే తోట ఇడిసిపెట్టి వచ్చిన. పిల్లను గుంజుకపోదామని గాదు దివాకర్. ఇద్దరు రాండ్రి. కోహెడల నీకు పని దొరకదా? ఎన్ని బోర్లున్నయ్. లేదంటె రోజు బస్సుల ఇక్కడికే వచ్చి పో. పొద్దుగూకంగ మాత్రం మా కండ్ల ముందలికి రా."

ఇన్ని నెలల్లో దివాకర్‌ను ఎవరూ ఎక్కడికీ రమ్మనలేదు. అట్లా అనుకున్నాడు గాని, నీలమ్మ చేసిన ఫోన్లు అప్పుడే గుర్తొచ్చాయి. పిల్లకు ఇచ్చేసిన ఫోన్లు. లిఖిత మాట్లాడటం అయిపోయాక కూడా అవతల ఆమె పెట్టేయకుండా ఉండేది. పిల్ల తెచ్చి ఇస్తే అతనే ఎర్ర గుర్తు నొక్కేవాడు.

"గా మాట ఆమె మల్లా అంటె?" అన్నాడు మెల్లగా.

"అంటదేమో. నాకెరుక లేదు." శంకరయ్య అబద్ధం చెప్పలేదు. "నేను తోటకు పోయిన ముచ్చట ఆమెకు చెప్పలే. ఎవలకు చెప్పలే. ఇప్పుడు నీకు చెప్పిన. నువ్వు గూడ ఆమెతోని అనకు. తట్టుకోదు."

దివాకర్ సరేనని తలూపి, తల వెనక్కి తిప్పాడు. తిప్పినవాడు అట్లాగే ఉండిపోయాడు.

బెంచీ వెనుక నీలమ్మ నిలబడి ఉంది. లిఖిత ఆమె చెయ్యి పట్టుకొని, అరికాళ్ల మీద ఊగుతూ, పోయే బస్సులకు టాటా చెబుతోంది. ఎప్పుడొచ్చిందో ఏమో.

"పిల్ల డాడీ గావాలె అని ఏడ్చింది" అంది నీలమ్మ. "తీస్కొచ్చిన."

శంకరయ్య లేవబోయాడు. ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. పదిమందిలో ఆమె భర్తను అట్లా తాకడం దివాకర్ ఎప్పుడూ చూడలేదు. బెంచీ చుట్టి వచ్చి ఇద్దరి మధ్యా కూర్చుంది. లిఖిత తండ్రి ఒళ్లోకి ఎక్కింది.

"మల్లేశయ్య మోటార్‌కు ఏం గాలే గా దినం" అంది నీలమ్మ, ఎదురుగా చూస్తూ. "నేనే పోయి ఆయన తలుపు కొట్టిన. ఏమన్న చెప్పి మా ఆయనను పిలువు తమ్మీ, నేను పిలిస్తె రాడు అని."

శంకరయ్య గిర్రున ఆమె వైపు తిరిగాడు. ఆమె ఆయన వైపు తిరగలేదు. దివాకర్ మోకాలి మీద చెయ్యి పెట్టింది.

"నిన్ను గూడ ఫోన్ల పిలుస్తనే ఉన్న బిడ్డ. ఏం జెప్పి పిలవాలెనో తెల్వలే. వాకిట్ల నేనన్న మాట నిన్నన్నది గాదు. ఎవలనన్ననో నాకే తెల్వదు. దేవున్నన్నానేమో. గది నీకు తగిలిందని నాకు తెల్సు, గా మాట ఎన్కకు తీస్కునుడు చాతగాలె."

దివాకర్ కళ్లు కిందికి వాలాయి. ఆమె చెయ్యి సన్నగా ఉంది. నిరుడు ఇదే చెయ్యి నిండా ఉన్న గాజులు ఇప్పుడు మోచేతి దాకా జారుతున్నాయి.

"కోహెడకు వస్తం అత్తమ్మా" అన్నాడు. ఆ మాట తనకు తెలియకుండానే వచ్చింది. "ఇయ్యాలనే వస్తం. కిరణ్‌కు నీ పేరే రాయమని చెప్త."

"నా పేరు రాయకు."

"సంతకం పెట్టవా?"

"పెట్టనని గాదు." నీలమ్మ పిల్ల గౌను మీది మడత సరిచేసింది. మళ్లీ సరిచేసింది. "పిల్ల పెద్దగయ్యేదాంక ఉండేటోళ్ల సంతకం గావాలె అంటివి గద. నా సంతకం దానికి పనికి రాదు. పోయిన నెల నేనొక్కదాన్నే హయత్‌నగర్‌ల దవాఖానకు పోయిన్నాడు..."

యాచారం బస్సు హారన్ కొట్టుకుంటూ లోపలికి తిరిగింది. ఆమె ఆగిపోయింది.

"ఏ దవాఖాన?" అన్నాడు శంకరయ్య. "నువ్వెప్పుడు పోయినవ్?"